జిగురమ్మ బూజుకి పాదం

"నిలబడదేమోనని భయంగా ఉంది మేడం."

"ఎవరు? మీ పాపా, నా బూజా?"

అతను ల్యాబులో ఆవిడ దగ్గర పని చేసే కుర్రాడు. పొద్దున ఇంట్లో పాప సోఫా పట్టుకుని లేచింది, చెయ్యి వదలగానే కూలబడింది. ఏడాది దాటిపోయింది, ఎదురింటి పిల్లాడు అప్పుడే మెట్లు ఎక్కేస్తున్నాడు. ఇక్కడ, రెండో అంతస్తు చివరి గదిలో, ప్లేట్లలో ఉన్న బూజుదీ అదే వరస. పాకడమే తప్ప లేవడం లేదు.

"రెండూనండీ," అన్నాడు.

"పాప సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది. ఏమంది?"

"ఏం ఫర్వాలేదు, ఆగండి అంది."

"మరి ఆగు. బూజు సంగతి నేను చూస్తా. నువ్వు ముందు ఆ టీ తాగు, తొరక కట్టింది."

ఆవిడని ఆ భవనంలో అందరూ జిగురమ్మ అంటారు. మొదట్లో చాటున అనేవాళ్ళు. ఒకరోజు ఫోనెత్తి ఆవిడే "జిగురమ్మని మాట్లాడుతున్నా, చెప్పండి" అనేసరికి ఆ పేరులో ఉన్న వెటకారం దానంతటదే రాలిపోయింది. ఆ తర్వాత కింద కాపలా ఆయన నుంచి పై అధికారి దాకా అందరికీ ఆవిడ జిగురమ్మే. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం ఉండేది.

జిగురు ఎందుకంటే, ఆవిడ జీవితమంతా పెంచింది జిగురు బూజుని.

ఆవిడ తండ్రి దర్జీ. ఒకే గది, అందులోనే కుట్టు మిషను, అందులోనే పడకలు. మిషను కింద రాలిన గుడ్డముక్కల్లో కూర్చుని ఆవిడ ఎక్కాలు నేర్చుకుంది. తండ్రికి ఒక అలవాటు. చొక్కా పూర్తవగానే దాన్ని తిరగేసేవాడు. లోపలి కుట్టు వేళ్ళతో తడుముతూ చూసి, అప్పుడు గానీ ఇస్త్రీకి ఇచ్చేవాడు కాదు. "పై నుంచి ఎవడైనా చూస్తాడే. వేసుకునేవాడికి తగిలేది లోపలి వైపు," అనేవాడు. కూతురికి ఆస్తి అంటూ ఆయన ఇచ్చింది ఏదైనా ఉంటే ఆ తిరగేసే అలవాటే. ల్యాబులో ఆవిడ ఏ ప్లేటునీ ముందు పై నుంచి చూడలేదు. బోర్లించి, కిటికీ వెలుగుకి ఎత్తి, కింది నుంచి చూసేది. కొత్తగా చేరినవాళ్ళకి అది వింతగా ఉండేది.

చదువుకునే రోజుల్లో ఆటస్థలం వెనక నుంచి గుప్పెడు మట్టి తెచ్చి ప్లేటులో చల్లితే ఈ బూజు పట్టుబడింది. మిగతా పిల్లలంతా అందమైన వాటి మీద పని ఎంచుకున్నారు. ఈవిడ బూజుని ఎంచుకుంది. పెళ్ళైన కొత్తల్లో అత్తగారు అడిగిందట.

"ఆఫీసులో ఏం పని చేస్తావమ్మా?"

"బూజు పెంచుతాను అత్తయ్యా."

"బూజా? ఇంట్లో దులపలేక మేం చస్తుంటే నువ్వు జీతం తీసుకుని పెంచుతున్నావా?"

"దులిపేవాళ్ళు ఎక్కువయ్యారు, పెంచేవాళ్ళు లేరని నన్ను పెట్టుకున్నారు."

ఆ రోజు నుంచీ అత్తాకోడళ్ళకి పడింది. ఆ పెద్దావిడ ఒకసారి పనిగట్టుకుని ల్యాబుకి వచ్చి, మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూసి, "అయ్యో, ముత్యాలు గుచ్చిన గుండుసూదుల్లా ఉన్నాయి కదే. దీన్ని బూజంటారేమే పాపం," అని కోడలి మీదే కోప్పడిందట. ఈ కథ జిగురమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఆవిడ ముఖం వెలిగేది.

ఆ గుండుసూదుల కథ ఏమిటంటే: ఈ బూజు కణాలు మట్టిలో ఎవరి బతుకు వాళ్ళది అన్నట్టు విడివిడిగా తిరుగుతూ బాక్టీరియాని మింగుతుంటాయి. తిండి ఉన్నన్నాళ్ళూ ఒకదాని ముఖం ఒకటి చూడదు. తిండి అయిపోయిన రోజున ఒకటి పిలుస్తుంది, పక్కది ఆ పిలుపు అందుకుంటుంది. వేల కణాలు ఒకచోట కుప్పపడి, చిన్న నత్తలాగా ఒకే ఒళ్ళుగా పాకడం మొదలుపెడతాయి. వెనకాల సన్నటి జిగురు చార వదులుతూ పోతాయి. అనువైన చోట ఆగి, నిట్టనిలువుగా లేస్తాయి. కొన్ని కణాలు కాడ అవుతాయి. కొన్ని కాడ అడుగున వెడల్పాటి పాదమై దాన్ని నిలబెడతాయి. ఎక్కువ శాతం పైన గుండ్రటి ముత్యంలో విత్తనాల్లా చేరి, మంచి రోజుల కోసం కాచుకుంటాయి. కాడా పాదమూ అయినవి మాత్రం అక్కడే చనిపోతాయి.

"కొందరు మోస్తారు, మిగతావాళ్ళు ఎక్కి కూర్చుంటారు. ప్రతి ఇంట్లోనూ జరిగేదే," అనేది జిగురమ్మ. "నేను అడిగేది ఒక్కటే. నువ్వు మొయ్యి, నువ్వు ఎక్కు అని వాటికి చెప్పేదెవరు?"

చెప్పేది ఎవరో కాదు, ఒక చిన్న రసాయనం. కణాలు తామే తయారుచేసి, తమలో తామే పంచుకునే సంకేతం. ఆవిడ దాన్ని సంకేతం అనేది కాదు, కబురు అనేది. ఆ కబురు వండే ఎంజైము మీదే ఆవిడ ఉద్యోగమంతా గడిచింది.

ఆ ఎంజైముకి ఆవిడ పెట్టుకున్న పేరు వియ్యంకులు. మిగతా జీవుల్లో వేరువేరుగా బతికే రెండు రకాల ఎంజైములు ఈ బూజులో ఒకే ప్రోటీనుగా అతుక్కుని పుడతాయి. ముందు భాగం ఒక చిన్న కార్బన్ గొలుసుని అల్లుతుంది. అల్లినదాన్ని బయట ఎవరి చేతిలోనూ పెట్టకుండా నేరుగా వెనక భాగానికి అందిస్తుంది. వెనక భాగం దాన్ని ఇంకాస్త పొడిగించి, వంచి, ఉంగరంగా ముడుస్తుంది. ఆ తర్వాత ఇంకొక ఎంజైము క్లోరిన్ తగిలిస్తుంది, మరొకటి చివరి మెరుగు పెడుతుంది. అప్పుడు కబురు సిద్ధం.

"రెండిళ్ళవాళ్ళన్నమాట," అని ఆవిడ ఇంట్లో వివరించిందట. "ఒకళ్ళు పెంచి చేతిలో పెడతారు, రెండోవాళ్ళు వంచుతారు."

పక్క గదిలోంచి అత్తగారి గొంతు: "నేనెవర్ని వంచానే?"

"మీరు వంచారు అత్తయ్యా. నేనే వంగలేదు."

ఆ కుర్రాడు ఇవన్నీ విని, నవ్వుకుని, సాయంత్రం భార్యకి చెప్పేవాడు. అతను అక్కడ చేరి ఏడాదిన్నర. పాప పుట్టక ముందు చేరాడు. పుట్టాక అతనికి నిద్ర పట్టడం మానేసింది, ఎందుకంటే చదువుకున్నది జీవశాస్త్రం. ఏది ఎక్కడ తప్పిపోవచ్చో అంతా తెలుసు. పాప తుమ్మితే ఒక పాఠం గుర్తొచ్చేది, తుమ్మకపోతే ఇంకొకటి. "నీ చదువు నా ప్రాణానికొచ్చింది," అనేది భార్య. "నిన్ను కాకుండా ఏ లెక్కల మాస్టారినో చేసుకుని ఉంటే పిల్ల హాయిగా పెరిగేది."

ఇప్పుడు అతని భయం బూజు దగ్గరికి వచ్చి ఆగింది, ఆగడానికి కారణం ఉంది.

జిగురమ్మ తన బూజులో వియ్యంకుల జన్యువుని తీసేసింది. అది తీసేసిన కణాలు కబురు వండలేవు. అవి కూడా గుంపు కడతాయి, పాకుతాయి, లేస్తాయి. కానీ కాడ అడుగున పాదం ఉండదు. బోర్లించి చూసే మనిషి కాబట్టి ఆవిడ కంటికి అది ఆనింది. కబురు లేక పాదం లేదు అన్నది ఆవిడ మాట.

కింది అంతస్తులో ఇంకో ల్యాబు నడిపే పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, పద్ధతి గల మనిషి. "జన్యువు కోసేటప్పుడు ఇంకేదో కూడా తెగి ఉండొచ్చు కదమ్మా," అన్నాడు. "ఎంజైము సంగతి పక్కన పెట్టండి. అవి వండలేని కబురుని మీరే బయట నుంచి ఇవ్వండి. పాదం తిరిగొస్తే మీరు చెప్పింది నిజం. రాకపోతే అది మీ ఊహ."

"సరే," అంది జిగురమ్మ. ఆ ఒక్క సరే మీద కొన్నేళ్ళు పోయాయి. రసాయన శాఖ వాళ్ళని బతిమాలి ఆ పదార్థాన్ని విడిగా తయారుచేయించింది. ఎంత మోతాదో తెలుసుకోవడానికే సీసాలో చాలా భాగం ఖర్చయింది. చివరికి ఇంకొక్క విడతకి సరిపడా అడుగున మిగిలింది. ఈలోగా ఆవిడ పదవీ విరమణ దగ్గరికొచ్చింది. నెలాఖరుకి గది వేరేవాళ్ళకి. పాదం వస్తే ఇప్పుడు రావాలి. లేకపోతే అది ఊహగానే మిగిలిపోతుంది.

ఆ చివరి విడత ప్లేట్లు ఆవిడ అతని చేతిలో పెట్టింది. కొన్ని మామూలు బూజువి, కొన్ని వియ్యంకులు లేనివి, కొన్ని వియ్యంకులు లేకుండా కబురు కలిపిన అగర్ జెల్లీ మీద పెంచినవి.

"మీరు పెట్టుకోండి మేడం," అన్నాడు అతను బెదిరిపోయి.

"నా చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. నీది భయంతో మాత్రమే వణుకుతుంది. అది తగ్గుతుంది."

అతను ఎంత జాగ్రత్త పడ్డాడంటే, ప్రతి ప్లేటు అంచున గుర్తు గీశాడు. చూడటానికి తీసినా మళ్ళీ గీత గోడ వైపే ఉండేలా, వెంట్రుకవాసి తేడా రాకుండా పెట్టేవాడు. ఆ గదిలో ప్లేట్లు పెట్టడానికి నల్ల అట్ట అంటించిన పాత పెట్టె ఒకటి ఉంది. మూత తీస్తే గానీ లోపల ఏముందో కనబడదు. అది అతనికి నచ్చలేదు. మాటిమాటికీ మూత తీయడం దేనికని, ఇంటి నుంచి పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. అద్దంలా ఉంటుంది, తీయకుండానే చూడొచ్చు. తన కుర్చీ పక్కన చిన్న టేబుల్ ల్యాంపు పెట్టుకున్నాడు. పని చేసుకుంటూ మెడ తిప్పితే చాలు, ప్లేట్లు కంటి ముందే.

కణాలు గుంపు కట్టాయి. నత్తల్లా మారాయి. పాకాయి. మర్నాటికి లేవాలి.

లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. మామూలు బూజు కూడా లేవలేదు. అదే అతన్ని వణికించింది. మామూలుదానికి ఏం రోగం? అగర్ చెడిందా, నీళ్ళు తప్పా, తన చెయ్యి తప్పా? పాకినన్నాళ్ళూ వాటికి తిండి లేదు, ఒంట్లో ఉన్నదే ఖర్చు పెట్టుకుంటూ పోతాయి. సీసా ఖాళీ. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చాప మీద కూర్చుని, చేతులు చాచి, "రా తల్లీ, నిలబడు, రా," అని పాపని పిలిచాడు. పాప చకచకా పాక్కుంటూ వచ్చి ఒళ్ళో కూలబడి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది.

భార్య అటు పోతూ ఆగింది. "నువ్వట్లా ఎదురుగా కూర్చుని పిలిస్తే అదెందుకు లేస్తుంది? పాకితేనే నాన్న దొరుకుతున్నాడు."

"నీకు తెలీదు, ప్రోత్సహించాలి," అన్నాడు అతను.

"అవును, నాకేం తెలుసు. నేను దాని తల్లిని."

మర్నాడు పొద్దున్నే వచ్చి అతను అన్న మాటే ఈ కథ మొదట్లోది.

అతను టీ తాగుతుండగా జిగురమ్మ డబ్బా దగ్గరికి వెళ్ళింది. మూత తీసింది. ఒక ప్లేటు ఎత్తి, బోర్లించి, కిటికీ వైపు పట్టుకుంది. కింది నుంచి చూసింది. ఇంకోటి ఎత్తింది. ఇంకోటి. చూస్తున్నకొద్దీ ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని అతను కప్పు కింద పెట్టి లేచాడు. ఆవిడ నవ్వుతోంది.

"అబ్బాయ్, ఇలా రా. చారలు చూడు."

బోర్లించిన ప్లేటు అడుగున, వెలుగులో, జిగురు చారలు తళతళలాడుతున్నాయి. దువ్వెనతో దువ్వినట్టు అన్నీ ఒకే వైపుకి.

"నీ గీత ఎటుండేది?"

"గోడ వైపు."

"చారలు?"

"గీతకి ఎదురు వైపు." అతను మెల్లగా తల తిప్పి చూశాడు. గోడకి ఎదురుగా తన కుర్చీ ఉంది. కుర్చీ పక్కన ల్యాంపు.

"నత్తకి వెలుగంటే ప్రాణం," అంది ఆవిడ. "పక్క నుంచి వెలుగు కనబడితే అటే పోతుంది. వెలుగు అందేదాకా పోతూనే ఉంటుంది, లేవదు. ఇవి చెడిపోలేదయ్యా. మామూలుది, వియ్యంకులు లేనిది, అన్నీ కలిసి నీ దగ్గరికి వస్తున్నాయి. ఇన్ని రోజులుగా పాపం, నీ ఒళ్ళోకి ఎక్కాలని చూస్తున్నాయి."

అతని ముఖం ఎర్రబడింది. "నేను చదివాను మేడం ఇది. నాకు తెలుసు."

"తెలుసు. భయం వేసినప్పుడు తెలిసింది ఎవరికి గుర్తుంటుంది? నాకూ ఉండేది కాదు." ఆవిడ ల్యాంపు తీగ లాగి, దాన్ని సొరుగులో పెట్టింది. "ఆ నల్ల పెట్టె ఎవరు చేశారనుకున్నావు? నేనే. నేనూ ఒకప్పుడు దీపం పెట్టుకుని కాపలా కాసినదాన్నే."

"ఇప్పుడేం చేద్దాం? ఇంక లేస్తాయా?"

"ఒంట్లో ఇంకా సత్తువ ఉంది, చూడు ఎంత నిగారింపుగా ఉన్నాయో. దీపం నెత్తి మీద పెడదాం. మూతలు కొంచెం ఎడంగా ఉంచి తేమ పోనిద్దాం. ఇంక పోవడానికి చోటు లేదని వాటికే తెలుస్తుంది."

ప్లేట్లని గది మధ్య బల్ల మీద, సరిగ్గా పై లైటు కింద పేర్చారు. అతని కుర్చీని ఆవిడ స్వయంగా వరండాలోకి లాగి, "నువ్వు ఇక్కడ కూర్చుని లెక్కలు రాసుకో," అంది. ఆ రోజంతా అతను ఆ గుమ్మం వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాడు. అంత కష్టమైన పని అతను అంతకు ముందు చెయ్యలేదు.

మర్నాడు అతను వచ్చేసరికి జిగురమ్మ అప్పటికే మైక్రోస్కోపు మీద వంగి ఉంది. లేచి స్టూలు చూపించింది. అతను కూర్చున్నాడు.

మామూలు బూజు లేచి నిలబడింది. వియ్యంకులు లేనిది కూడా లేచింది, కాకపోతే కాడ అడుగున ఏమీ లేదు, సన్నటి పుల్ల నేలకి ఆనినట్టు ఉంది. చాలా వరకు ఒరిగిపోయాయి. అతను మూడో రకం ప్లేటు తీసుకుని అద్దం సరిచేశాడు. కాడ వెంట కిందికి దిగుతూ వచ్చాడు. అడుగున, నేలని పట్టుకుని, వెడల్పుగా, గుండ్రంగా, పాదం.

ఇంకొకటి బోర్లించి చూశాడు. పాదం. మరొకటి. పాదం.

"మేడం," అన్నాడు.

"బోర్లించి చూశావా?"

"చూశానండీ."

"అయితే పద, కిందికి కబురు పెడదాం."

కింది అంతస్తు పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. చాలాసేపు చూశాడు. ఏ ప్లేటులో ఏముందో చెప్పొద్దన్నాడు. గుర్తులు మూసేసి, కలిపేసి, పాదం ఉన్నవన్నీ ఒక పక్కకి, లేనివన్నీ ఒక పక్కకి వేరుచేశాడు. తర్వాత మూసిన గుర్తులు ఒక్కొక్కటే తెరిచాడు. ఒక్కటి తప్పలేదు. ఆయన లేచి నిలబడి, "ఇంకోసారి చూడొచ్చా అమ్మా?" అన్నాడు.

"చూడండి, టిక్కెట్టేం లేదు," అంది జిగురమ్మ.

మధ్యాహ్నానికి ఆ గది నిండిపోయింది. కాపలా ఆయన వచ్చాడు, గాజు సామాను కడిగే ఆవిడ వచ్చింది, లెక్కల విభాగం వాళ్ళు తమకి సంబంధం లేకపోయినా వచ్చారు. జిగురమ్మ ప్రతివాళ్ళకీ స్టూలు ఎత్తు సరిచేసి కూర్చోబెట్టి, "కింద చూడండి, పైన కాదు, కింద," అని చెప్పింది. ముత్యాన్ని అందరూ చూస్తారు. ఆవిడ ఆ రోజు అందరికీ పాదాన్ని చూపించింది. ఫోనులో అత్తగారికి చెబితే, ఆ పెద్దావిడ వెంటనే పక్కింటికి వినిపించేంత గట్టిగా అందట: "మా కోడలి బూజు కాళ్ళ మీద నిలబడిందట, విన్నారా? ఊరికే ఉంటుందా మరి, ఎవరు పెంచింది!"

ఆ కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. తను ఆ గదిలో పని చేశానని రేపు పాప పెద్దదయ్యాక చెప్పుకోవచ్చు అనుకున్నాడు. చెప్పుకుంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా అప్పుడే అనుకున్నాడు, దర్జీ గది దగ్గర నుంచి.

నెలాఖరున జిగురమ్మ తాళం చెవులు అప్పజెప్పింది. బూజునీ నల్ల పెట్టెనీ అతనికి ఇచ్చింది. అతను మెట్ల దాకా వెంట వెళ్ళాడు.

"పాప గురించి కూడా ఒక మాట చెప్పండి మేడం."

"పిల్లల గురించి నాకేం తెలుసయ్యా, నా పిల్లల్ని మా అత్తయ్య పెంచింది," అని రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగి ఒక మాట చెప్పింది.

ఇప్పుడు సాయంత్రాలు అతను గదిలో గోడ వారగా కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతుంటాడు. ఎదురుగా చాప వేసుకుని చేతులు చాచడం మానేశాడు. పాప సోఫా పట్టుకుని లేస్తుంది. ఒక చెయ్యి వదులుతుంది. ఊగుతుంది. కూలబడుతుంది. మళ్ళీ లేస్తుంది. నిన్న చెయ్యి వదిలి నిలబడి, తన పాదాల వైపు తనే వంగి చూసుకుంది. అతని మెడ అటు తిరగబోయింది, చేతులు లేవబోయాయి. చేతిలో ఉన్న చిన్న గౌనుని తిరగేసి, లోపలి కుట్టు చూస్తూ, మెట్ల మీద విన్న ఆ మాట మళ్ళీ చెప్పుకున్నాడు.

"చూడకుండా నువ్వు ఉండలేవు, ఉండమని నేను చెప్పను. చూడు. దీపం మాత్రం నీ పక్కన పెట్టుకోకు అబ్బాయ్. దాని నెత్తి మీద పెట్టి, నువ్వు కాస్త పక్కకి జరుగు."